రెండొందల డాలర్ల స్కోపు వేట రైఫిల్‌కి చాలదా?

మెస్కీట్_నీడ (టెక్సాస్)

సీజన్ దగ్గర పడేసరికి ఈ వాదన ప్రతిసారీ వస్తుంది కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింక వేటకి రెండొందల డాలర్ల లోపు స్కోపు (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) చాలు. "రైఫిల్‌కి ఎంత పెట్టావో స్కోపుకీ అంత పెట్టు" అని ఇక్కడి పాత వేటగాళ్ళు అంటుంటారు. ఆ మాట విని కొత్తవాళ్ళు అనవసరంగా వెనకాడుతున్నారు.

నాది .308 తూటా వాడే రూగర్ అమెరికన్ రైఫిల్. దాని మీద వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2 స్కోపు, 3-9×40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) బిగించి రేంజ్‌కి (కాల్పులు సాధన చేసే చోటికి) తీసుకెళ్ళాను. వంద గజాల దగ్గర జీరో చేసి (గురిపెట్టిన చోటే తూటా పడేలా సరిచేసి), బాక్స్ టెస్ట్ పెట్టాను. టరెట్‌ని (గురి సరిచేసే గుండీని) తిప్పుతూ ఇరవై క్లిక్కులు కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకి, ఇరవై పైకి, ప్రతి మూలలో కాలుస్తూ వెళ్ళాలి. ఒక్కో క్లిక్కు వంద గజాల దగ్గర సుమారు పావు అంగుళం, అంటే ఐదు అంగుళాల చదరం రావాలి. వచ్చింది. తిరిగి మొదటి చోటికి తెచ్చి కాలిస్తే తూటా మొదటి రంధ్రం పక్కనే పడింది.

ఇక్కడ మనం కాల్చేది ఎక్కువగా ఫీడర్ (జింకలకి మేత వేసే డబ్బా) దగ్గర, వంద గజాలకి అటూ ఇటూ. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. ఈ దూరానికి టరెట్ తిప్పే పనే లేదు. మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కుని ప్రాక్టీసు చేస్తే గురి బాగుపడుతుంది. ఎవరైనా కాదంటారా?

కొండదారి (కొలరాడో)

నేను కాదంటాను. మీరు బెంచీ మీద చేసింది మంచి పరీక్షే, కానీ వేట బెంచీ మీద జరగదు కదా. చవక స్కోపు మొదటి రోజు సరిగ్గానే ఉంటుంది. లోపల క్రాస్‌హెయిర్ (గురి గీతలు) ఉన్న గొట్టాన్ని ఒక స్ప్రింగు టరెట్ మీదికి నొక్కి పట్టి ఉంచుతుంది. అది బలహీనంగా ఉంటే దెబ్బలు తిన్నకొద్దీ గురి పక్కకి జరుగుతుంది. గంటల తరబడి మట్టిరోడ్డు మీద ట్రక్కులో కుదుపులు, పొద్దున గడ్డకట్టే చలి, మధ్యాహ్నం ఎండ, వీటన్నిటినీ అది తట్టుకోవాలి.

నా పాత స్కోపు (కంపెనీ పేరు వద్దు) ఇంటి దగ్గర చక్కగా కొట్టింది. కొండ మీద ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కనిపించినప్పుడు తూటా నేను పెట్టిన చోటికి బాగా కింద తగిలింది. చీకటి పడేదాకా రక్తపు చారలు పట్టుకుని వెతికాం, దొరకలేదు. తర్వాత టార్గెట్ మీద చూస్తే జీరో నాలుగు అంగుళాలు కిందికి దిగిపోయి ఉంది. ఆ బాధ ముందు మూడొందల డాలర్ల తేడా నాకు లెక్కలోకి రాదు.

బేస్_బిగింపు

కొండదారి గారూ, ఆ రోజు రింగులు, బేస్ (స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే భాగాలు) చూశారా? జీరో జరిగిందని జనం స్కోపు మార్చేస్తారు, దాని కింద ఉన్న మరను ఎవరూ చూడరు. బేస్ మరలకి నూనె అంటుకుని ఉంటే ఎంత బిగించినా కొన్నాళ్ళకి వదులవుతాయి. ముందు తుడిచి, కొంచెం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించాలి. రింగు మరలకి మామూలుగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల టార్క్ (తిప్పి బిగించే బలం) చాలు. ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి కదలిక పాడవుతుంది. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచి కొనండి. ఇరవై డాలర్ల రింగుల మీద వెయ్యి డాలర్ల స్కోపు పెట్టుకుని తిరిగేవాళ్ళని చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

కొండదారి (కొలరాడో)

చూశాను. అదే బేస్, అవే రింగుల మీద వేరే స్కోపు పెట్టాక ఇప్పటిదాకా జరగలేదు.

సంధ్యవెలుగు

ఇద్దరూ గురి గురించే మాట్లాడుతున్నారు. నాకు వెలుతురు ముఖ్యం. టెక్సాస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు. జింకలు బయటికొచ్చేది సరిగ్గా ఆ అంచుల్లోనే.

40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోపుని 9 పవర్‌లో (తొమ్మిది రెట్లలో) పెడితే కంటికి చేరే వెలుగు వృత్తం 4.4 మిల్లీమీటర్లు. 5కి తగ్గిస్తే 8. చీకట్లో కుర్రవాడి కంటిపాప 7 దాకా తెరుచుకుంటుంది, వయసు మీద పడితే 5 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి సాయంత్రం పూట పవర్ తగ్గించండి, ఇది ఖర్చు లేని ఉపాయం. దీన్ని ఖరీదైన స్కోపూ మార్చలేదు. డబ్బు తేడా అద్దం మీది పూతలో తెలుస్తుంది. కిందికి దిగిన సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు చవక స్కోపులో మొత్తం తెల్లగా పరుచుకుపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. చాలా కౌంటీల్లో కొమ్ముల నిబంధన ఉంది. మగ జింకకి కనీసం ఒక కొమ్ము చీలికలు లేకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి. చెవులు నిక్కించినప్పుడు వాటి కొనల మధ్య దూరంతో పోల్చి అంచనా కడతాం. మసక వెలుతురులో అది తేలాలంటే మంచి అద్దం కావాలి.

మెస్కీట్_నీడ (టెక్సాస్)

కొమ్ములు చూడటానికి మాత్రం స్కోపు వాడకండి సంధ్యవెలుగు గారూ. స్కోపులోంచి చూశామంటే తుపాకీ గొట్టం అటు గురిపెట్టినట్టే. పొదల వెనక కదిలింది మనిషైతే? చూడటానికి బైనాక్యులర్, కాల్చడానికి స్కోపు. నేను ఆదా చేసిన రెండొందలు 8×42 బైనాక్యులర్‌కి పోయాయి. అది చూపించి, అవునని తేలాకే రైఫిల్ భుజానికి ఎత్తుతాను.

గోదారిగట్టు

అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇలా వేటాడితే జైలే. ఇంత దూరం వచ్చి ఎందుకండీ ఈ పని? కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

కొండదారి (కొలరాడో)

అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర ఆ చట్టం ఉండాల్సిందే. ఇక్కడ పరిస్థితి వేరు. వేటగాళ్ళ లైసెన్సు డబ్బు, తుపాకులు, తూటాల మీద వేసే పన్ను 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వన్యప్రాణుల శాఖలకే వెళ్తాయి. తోడేళ్ళు పోయిన చోట జింకలు పెరిగిపోయి అడవిలో మొలకని బతకనివ్వవు. మా ఇంట్లో ఏడాది పొడవునా తినేది ఆ మాంసమే. మీకు నచ్చకపోవచ్చు, గౌరవిస్తాను. నేను మంచి స్కోపు కోసం ఇంత పట్టుబట్టేది కూడా ఆ జంతువు బాధపడకుండా ఒక్క తూటాతో పడిపోవాలనే.

పాలమూరు_తమ్ముడు

గోదారిగట్టు గారూ, కృష్ణజింకలు, చుక్కల దుప్పులు 1930ల నుంచి టెక్సాస్ రాంచుల్లో ఉన్నాయి. దక్షిణ టెక్సాస్‌లో మనుబోతులు (నీల్‌గాయ్‌లు) కూడా వేలల్లో తిరుగుతున్నాయి. ఇక్కడ అవి బయటి నుంచి తెచ్చిన జంతువులు కాబట్టి వాటికి సీజన్ లేదు, లైసెన్సు మాత్రం కావాలి.

నా సందేహం దాని గురించే. ఈ శీతాకాలం మనుబోతు వేటకి పిలిచారు. రైఫిల్ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. ఇదే స్కోపు పెట్టొచ్చా అన్నా?

బేస్_బిగింపు

తమ్ముడూ, వద్దు. మనుబోతు పోతు రెండొందల యాభై కిలోల దాకా ఉంటుంది, మొండి జంతువు, బహిరంగ మైదానంలో దూరం నుంచి కాల్చాల్సి రావచ్చు. ఆ మాగ్నమ్ తన్నుడు (కాల్చగానే రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బ) .308 కంటే చాలా ఎక్కువ. తక్కువ తన్నుడున్న రైఫిల్ మీద బాగా పనిచేసింది కదా అని దీని మీదా పనిచేస్తుందనుకోలేం. కళ్ళకీ స్కోపుకీ మధ్య మూడున్నర అంగుళాల కంటే తక్కువ ఎడం వదిలితే కనుబొమ చిట్లుతుంది కూడా.

నువ్వు హెచ్-1బీ మీద ఉన్నట్టు ఇంతకుముందు ఒక పోస్టులో చెప్పావు, అందుకే ఇంకో మాట. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ప్రైవేటు స్థలంలో అడవి పందులకి లైసెన్సు అక్కర్లేదని 2019 నుంచి టెక్సాస్ చెబుతోంది కదా అని, అది లేకుండా తుపాకీ ముట్టుకోకు. ముందు వకీలుతో మాట్లాడు.

మెస్కీట్_నీడ (టెక్సాస్)

మాగ్నమ్ విషయంలో బేస్_బిగింపు గారితో ఏకీభవిస్తాను. నేను చెప్పింది .243, .308 లాంటి వాటికి, నూటయాభై గజాల లోపు వేటకి. అక్కడ మాత్రం నా మాట మార్చుకోను. కొండదారి గారి భయం నిజమైనదే, దానికి విరుగుడు పరీక్ష. రేంజ్‌లో సరిగ్గా కొట్టిన మర్నాడే స్కోపుని నమ్మకండి. రైఫిల్‌ని కేసులో పెట్టి కొన్ని వారాలు ట్రక్కులో తిప్పండి. తర్వాత చల్లటి గొట్టంతో, అంటే అంతకుముందు ఏమీ కాల్చకుండా, మొదటి తూటా ఎక్కడ పడుతుందో చూడండి. వేటలో లెక్కలోకి వచ్చేది ఆ ఒక్క తూటాయే. ఆ తూటా పక్కకి జరిగితే స్కోపు వెనక్కి పంపేయండి.

కొండదారి (కొలరాడో)

ఆ పరీక్ష ఖరీదైన స్కోపుకీ పెట్టాలి, అందులో మన మధ్య తేడా లేదు. మీ దగ్గర జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది కదా, ఆ వారం మళ్ళీ ఒకసారి కాల్చి టార్గెట్ ఫోటో ఇక్కడే పెట్టండి. జరగకపోతే టెక్సాస్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఎల్క్ కోసం ఇటు వస్తే మాత్రం ఆ స్కోపు వద్దు.