మూడో ఎగ్జామినర్ తప్పు పట్టిన 287వ పేజీ నా థీసిస్‌లోనే లేదు. అప్పీల్ చేయొచ్చా?

బీడీ చాట:

అందరికీ నమస్కారం. జగిత్యాల జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ కాంట్రాక్టు లెక్చరర్‌ని. 2018లో ఒక స్టేట్ యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంపాదన, పీఎఫ్ గురించి పని. ఆరు ఊళ్ళు, 240 ఇళ్ళు. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. అందుకేనేమో, ఎవరింటికి వెళ్ళినా నాతో మాట్లాడుతూనే తునికాకు కత్తిరించేవాళ్ళు, కొత్త మనిషినని చేతులు ఆపేవాళ్ళు కాదు.

2024 మార్చిలో థీసిస్ ఇచ్చాను. బయటి ఎగ్జామినర్లు ఇద్దరిలో ఒకరు చిన్న సవరణలు చేసి వైవా (మౌఖిక పరీక్ష) పెట్టొచ్చన్నారు. ఇంకొకరు వద్దన్నారు. దాంతో మూడో ఆయనకు పంపారు, ఆయనా వద్దన్నారు. 2025 జనవరి చివర్లో ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి మూడు లైన్ల లెటర్ వచ్చింది, థీసిస్ తిరస్కరించడమైనది అని. స్టాఫ్‌రూమ్‌లో చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుని, తర్వాతి క్లాసుకు వెళ్ళిపోయాను. ఆ గంటలో ఏం పాఠం చెప్పానో పిల్లల్నే అడగాలి.

నాలుగుసార్లు తిరిగితే రిపోర్టుల జిరాక్సులు చేతికి వచ్చాయి. పేర్ల మీద నల్ల మార్కర్ కొట్టారు. మూడో రిపోర్టు పైన టైటిల్ నాదే. లోపల మాత్రం '287వ పేజీలోని 6.4 పట్టికలో లెక్కలు సరిపోలడం లేదు' అని ఉంది. నా థీసిస్ అనుబంధాలతో కలిపి 241 పేజీలు, చాప్టర్లు ఐదే. ఇంకో చోట మరమగ్గాల కార్మికుల శాంపిల్ చాలదట. నేను మగ్గం ఊసే ఎత్తలేదు! అయినా నమ్మకం కుదరక, నేనే రాసి మర్చిపోయానేమో అని నా కాపీని చివరి నుంచి మొదటి దాకా తిరగేశాను.

గైడ్ గారు రిటైరయ్యారు. 'ఎందుకమ్మా ఈ గొడవ, ఇంకో చోట రిజిస్టర్ చేసుకో' అంటున్నారు. నాకు 44 ఏళ్ళు. మళ్ళీ ఎంట్రన్స్, మళ్ళీ కోర్స్‌వర్క్ అంటే నా వల్ల కాదు. అప్పీల్ అనేది ఉందా? ఉంటే ఎవరికి రాయాలి, ఏమని రాయాలి?

పాత సూపరింటెండెంట్:

అమ్మా, నేను వేరే యూనివర్సిటీలో పీహెచ్‌డీ సెక్షన్ చూసి రిటైరయ్యాను. ముందు ఒక మాట. అర్జీలో 'నా థీసిస్ మంచిది, ఏడేళ్ళు కష్టపడ్డాను' అని ఒక్క లైను కూడా రాయొద్దు. అలాంటివి బోలెడు వస్తాయి, అన్నీ ఒకే ఫైల్లో పడుకుంటాయి. థీసిస్ బాగుందా లేదా అన్నది ఎగ్జామినర్ ఇష్టం, దాని జోలికి ఎవరూ రారు. ఆయన మీ థీసిస్ చదివే ఆ మాట అన్నారా అన్నదే మీ ప్రశ్న. మీరు 2018 బ్యాచ్ కాబట్టి మీకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016 పీహెచ్‌డీ నిబంధనలు వర్తిస్తాయి. ఒకరు వద్దంటే ఆమోదించిన ప్యానెల్‌ (ఎగ్జామినర్ల జాబితా)లోంచే ఇంకొకరికి పంపాలి, ఆయనా వద్దంటే తిరస్కరించాలి. ఈ మెట్టు 2022 నిబంధనల్లోనూ ఉంది. కానీ వేరే థీసిస్ మీద రాసిన రిపోర్టు మీ థీసిస్ మీద రిపోర్టు ఎలా అవుతుంది?

రిజిస్ట్రార్‌కీ, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కీ ఒక పేజీ అర్జీ రాయండి. రిపోర్టు జిరాక్సులో 287 అన్న చోట గీత గీయండి. మీ విషయసూచిక, ఆఖరి పేజీ జత చేయండి. మూడో రిపోర్టును పక్కన పెట్టి, ప్యానెల్‌లోని వేరొకరికి పంపమని మాత్రమే అడగండి. ఇన్‌వర్డ్‌లో, అంటే కాగితాలు తీసుకునే కౌంటర్లో ఇచ్చి మీ కాపీ మీద నంబరు, తేదీ వేయించుకోండి. స్టాంపు పడనిదే అక్కడి నుంచి కదలొద్దు. ఒక్కరోజే నాలుగు థీసిస్‌లు డిస్పాచ్ చేసినప్పుడు ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. తప్పు ఎగ్జామినర్‌దే అని కూడా రాయకండి, ఆఫీసుదే కావచ్చు.

ఆర్టీఐ తమ్ముడు:

అక్కా, అర్జీతో పాటే ఆర్టీఐ కూడా వేసెయ్. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎగ్జామినర్ల పేర్లు అడక్కు. వాళ్ళ భద్రతకు ముప్పు అంటూ ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(జీ) చూపించి ఇవ్వరు, అదొక్కటి పట్టుకుని మిగతావి కూడా నానబెడతారు. మూడో ఎగ్జామినర్‌కు థీసిస్ ఏ తేదీన పంపారు, ఆ కవరింగ్ లెటర్‌లో ఏ టైటిల్ రాశారు, ఆయన ఆమోదించిన ప్యానెల్‌లో ఉన్నారా లేదా, మూడు రిపోర్టుల సర్టిఫైడ్ కాపీలు, నోట్ ఫైల్ (ఆఫీసులో ఎవరేం రాశారో ఉండే ఫైలు). ఇవి చాలు. జవాబు పత్రాలు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా ఒక లైను రాయి. అన్నిటికంటే ఆ కవరింగ్ లెటర్ ముఖ్యం.

ఇంగ్లండ్ నుంచి:

ఇక్కడా అకడమిక్ జడ్జిమెంట్ మీద అప్పీల్ లేదు. పద్ధతిలో లోపం, పక్షపాతం, ముందు చెప్పుకోలేకపోయిన అనారోగ్యం, అంతే. యూనివర్సిటీ లోపల అన్నీ అయ్యాక కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ లెటర్ ఇస్తారు. అది పట్టుకుని 12 నెలల్లోపు ఓఐఏ అనే బయటి సంస్థకు వెళ్ళొచ్చు, విద్యార్థి పైసా కట్టనక్కర్లేదు. మన దగ్గర అలాంటిది లేదా?

గేటు దగ్గర లాయరు:

ఉంది. యూజీసీ 2023లో తెచ్చిన స్టూడెంట్ గ్రీవెన్స్ నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో గ్రీవెన్స్ కమిటీ, దానిపైన అప్పీళ్ళు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. కమిటీ 15 పని దినాల్లో రిపోర్టు ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీల్ చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. మళ్ళీ దిద్దమని ఊరికే అడిగితే ఆయన తీసుకోరు. ఫలితాన్ని మార్చేసేంత అవకతవక ఫలానా చోట ఉందని చూపించాలి. మీకు ఆ 287 ఉంది.

రిజల్టుకు పది నెలలు పట్టింది కదా, నిబంధన ప్రకారం ఆరు నెలల్లో అయిపోవాలి. అది కూడా రాయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఆలస్యమైందని థీసిస్ పాస్ చేయరు. ఇవేవీ పనిచేయకపోతే హైకోర్టులో రిట్. కోర్టు ఎగ్జామినర్ కుర్చీలో కూర్చోదు, మీకు డాక్టరేట్ ఇవ్వమనదు. మహా అయితే మళ్ళీ పరిశీలించమంటుంది. ఏడాది ఆగి వస్తే మాత్రం 'ఇన్నాళ్ళు ఏం చేశారు' అనేదే మొదటి ప్రశ్న.

ఒకసారి ఓడినవాడు:

మేడం, అందరూ మూడో రిపోర్టు గురించే మాట్లాడుతున్నారు. రెండోది ఏమంటోంది? నేనూ ఒక తప్పుడు రిపోర్టు పట్టుకునే పోరాడాను. కొత్త ఎగ్జామినర్‌కు పంపారు. ఆయన శ్రద్ధగా చదివి మరీ వద్దన్నారు, ముందొకాయన చెప్పిన కారణంతోనే. మీ అర్జీ పంపే ముందు అది ఒకసారి నిదానంగా చదవండి.

బీడీ చాట:

అందరికీ థాంక్స్. సూపరింటెండెంట్ గారూ, నేను మొదట రాసుకున్న అర్జీ నాలుగు పేజీలు. అమ్మ గురించి కూడా ఉంది అందులో. చింపేసి ఒక పేజీ రాశాను.

ఓడినవాడు గారూ, మీ మాట రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. రెండో రిపోర్టు మళ్ళీ తీశాను. కంపెనీ కార్ఖానాలో నేరుగా ఆకు తీసుకునేవాళ్ళనీ, టేకేదారు (మధ్యలో ఉండే కాంట్రాక్టరు) దగ్గర తీసుకునేవాళ్ళనీ ఒకే పట్టికలో కలిపేశానన్నారు. పీఎఫ్ ఉన్నదీ లేనిదీ అక్కడే తేలుతుంది కదా అన్నారు. మొదట చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు చూస్తే నిజమే. నా ప్రశ్నావళిలో ఆ ప్రశ్న ఉంది, 240 మందీ జవాబు చెప్పారు, నేనే విడదీయలేదు. రెండు ఊళ్ళ ఫారాలు మంచం మీద పరిచి మొదలుపెట్టాను. సవరణలు అడిగితే చేతిలో ఉంటాయి.

నిన్న సెలవు పెట్టి వెళ్ళి అర్జీ, ఆర్టీఐ రెండూ ఇచ్చాను. ఇన్‌వర్డ్‌లో కుర్రాడు నేను గీత గీసిన చోటు చదివి, విషయసూచిక చూసి, 'ఇది ఏ థీసిస్ మీద రాసింది మేడం?' అన్నాడు. అదే రాశాను బాబూ, స్టాంపు వెయ్యి అన్నాను. వేశాడు. గ్రీవెన్స్ కమిటీకి సోమవారం పంపుతున్నాను. ఏదైనా వస్తే ఇక్కడే రాస్తాను.