సాయం అందుకుంటున్నవాళ్ల ఫొటోలు పెట్టాలా, వద్దా?

కోశాధికారి, విజయవాడ

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా కుర్రాళ్లం సంఘంగా ఏర్పడ్డాం. అప్పటి నుంచి బియ్యం, పప్పు, దుప్పట్లు పంచుతున్నాం, ఒక్కోసారి ఆసుపత్రి ఖర్చులకీ సాయం చేస్తున్నాం. డబ్బులిచ్చేది ఇక్కడివాళ్లు కొందరు, బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు కొందరు. కిట్ ఇచ్చేటప్పుడు ఫొటో తీసి గ్రూపులో పెడతాం. మొన్న మీటింగులో ఒక సభ్యురాలు ఇది ఆపాలని పట్టుబట్టింది, పేదవాళ్ల పరువు తీస్తున్నామంది.

నేను ఒప్పుకోను. పరాయి సొమ్ము చేతిలో ఉన్నవాడు లెక్క చూపించాలి. వరదల పేరు చెప్పి, ఎక్కడివో పాత ఫొటోలు పెట్టి వసూళ్లు చేసినవాళ్లున్నారు. వాళ్లకీ మాకూ తేడా ఎలా తెలియాలి? పైగా ఒక ఫొటో చూసి ఇంకో నలుగురు ముందుకొస్తారు. వద్దన్నవాళ్లని మేమెప్పుడూ బలవంతపెట్టలేదు. మీరేమంటారు?

ఆసుపత్రి సోషల్ వర్కర్

"వద్దన్నవాళ్లని బలవంతపెట్టలేదు" అన్నారు చూడండి, నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. ఇంట్లో బియ్యం లేని మనిషి ముందు మీరు ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడితే ఆమె ఎలా వద్దంటుంది? వద్దంటే సంచి వెనక్కి పోతుందేమోనని భయం. మౌనంగా నిలబడినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

నేను సర్కారు ఆసుపత్రిలో పనిచేస్తాను. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) మొదటి ఏడాదిలోనే మాకు ఫెలిక్స్ బీస్టెక్ చెప్పిన ఏడు సూత్రాలు నేర్పుతారు. ఆయన అమెరికాలో జెస్యూట్ పాద్రి, ఈ సూత్రాలని 1957లో ఒకచోట పెట్టాడు. వాటిలో రెండు ఈ చర్చకి నేరుగా తగులుతాయి. ఒకటి, తన విషయంలో నిర్ణయం తనే తీసుకునే హక్కు సాయం కోరి వచ్చిన మనిషిది. రెండు, ఆ మనిషి సంగతులు మన దగ్గరే ఉండాలి. మా వార్డుకి టీబీ పేషంట్లు, కాన్పుకొచ్చిన పెళ్లికాని అమ్మాయిలు, పురుగుల మందు తాగి బతికినవాళ్లు వస్తారు. వాళ్ల సంగతి బయటికి పొక్కుతుందని తెలిస్తే మళ్లీ మా గడప తొక్కరు. మందు ఆగిపోతుంది, కౌన్సెలింగ్ ఆగిపోతుంది. గోప్యత లేకపోతే మా పనే లేదు.

దానానికీ సోషల్ వర్క్‌కీ తేడా కూడా ఇక్కడే ఉంది. దానంలో ఇచ్చేవాడి మనసే ముఖ్యం. అతను సంతోషంగా ఇచ్చాడు, పుణ్యం వచ్చింది, అక్కడితో అయిపోయింది. సోషల్ వర్క్‌లో పుచ్చుకున్న మనిషి రేపు తన కాళ్ల మీద తను నిలబడాలి. ఊరందరి ముందు చేయి చాచిన బొమ్మ ఫోన్లలో తిరుగుతుంటే అది ఆమెకి బలం ఇస్తుందా?

చరిత్రలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో 1697 నాటి చట్టం ప్రకారం పారిష్ (చర్చి పరిధిలోని స్థానిక పాలన) సాయం తీసుకునే పేదలు కుడి భుజం మీద 'పి' అక్షరం కుట్టిన గుడ్డముక్క పెట్టుకోవాలి. అంత దూరం ఎందుకు, 2017లో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో రేషన్ తీసుకునే ఇళ్ల గోడల మీద "మేం పేదవాళ్లం, ఆహార భద్రత చట్టం కింద రేషన్ తీసుకుంటున్నాం" అని రంగుతో రాయించారు. ఉద్దేశం అడిగితే అనర్హులని ఏరడానికే అంటారు. కానీ ఆ గోడ కింద బతకాల్సింది అర్హులే కదా.

డల్లాస్ నుంచి

నేను ఇలాంటి సంఘాలకి డబ్బు పంపేవాడిని. నాకు ఫొటో అక్కర్లేదు, కొట్టు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. కానీ ఉన్నమాట చెప్పాలి. మా తెలుగు గ్రూపులో బిల్లు పెడితే ఇద్దరు స్పందిస్తారు, ఏడుస్తున్న ముసలమ్మ ఫొటో పెడితే పాతికమంది. కోశాధికారి గారి ఇబ్బంది ఊరికే పుట్టింది కాదు. మా దాతల అలవాటు మారకుండా ఆయన్నొక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదనిపిస్తుంది.

అనంతపురం, సోషల్ ఆడిట్

ఆసుపత్రి మేడం గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే గోప్యత పేరుతో అన్నీ మూసేస్తే నష్టపోయేదీ పేదవాడే. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరిలో మా జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభలో సోషల్ ఆడిట్, అంటే జనం ముందు లెక్కల తనిఖీ, జరగాలంది. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, ఎవరి పేరు మీద ఎన్ని రోజులు, ఎంత కూలి పడిందో అందరి ముందూ చదివాం, ఇంటింటికీ వెళ్లి అడిగాం. "నేను ఆ వారం అసలు పనికే పోలేదు, నా పేరు మీద డబ్బులెవరు తీసుకున్నారు?" అని జనం లేచి అడిగారు. అక్కడ పేర్లు బయటపెట్టడమే వాళ్లకి ఆయుధం అయింది.

దౌసా గోడకీ మస్టర్ చదవడానికీ తేడా ఏమిటంటే, గోడ మీద రాత పేదవాణ్ణి అనుమానిస్తుంది, గ్రామసభలో చదివే జాబితా డబ్బు పంచినవాణ్ణి ప్రశ్నిస్తుంది. ఒకేలాంటి సమాచారం, చూపు ఎవరి మీద ఉందన్నదే అసలు సంగతి. మీ ఫొటోలో మీ సంఘం లెక్క ఏం కనిపిస్తుంది? పుచ్చుకున్నామె ముఖం కనిపిస్తుంది. కిట్ ఎంతకి కొన్నారో, ఎన్ని మిగిలాయో, ఎవరిని ఏ ఆధారంతో ఎంచుకున్నారో కనిపించదు.

ఇంకో మాట. ఫొటో రుజువు అన్నదే పెద్ద భ్రమ. ఉపాధి పనుల్లో 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకి రెండుసార్లు కూలీల ఫొటోలు ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకి రాసింది: పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకి మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారు అని. సర్కారు యాప్‌నే బోల్తా కొట్టించారంటే వాట్సాప్ ఫొటో ఎంత?

కోశాధికారి, విజయవాడ

అన్నా, సర్కారు సొమ్ము వేరు, మా సొమ్ము వేరు. పింఛను, రేషన్ హక్కు, ఒప్పుకుంటాను. మేం ఇచ్చేది హక్కు కాదు, ఎవరో కష్టపడి సంపాదించి మనసుపడి ఇచ్చింది. ఇచ్చినవాళ్లకి అది చేరిందో లేదో చూసుకునే హక్కు లేదా? బిల్లు పెడితే కొన్నామని తెలుస్తుంది, పంచామని తెలియదు కదా.

హాస్టల్లో చదివినవాణ్ణి

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదో తరగతి దాకా చదివాను. అందుకునే వైపు నుంచి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. మా హాస్టల్‌కి ఎవరి పుట్టినరోజుకైనా పళ్లు, నోటు పుస్తకాలు తెచ్చేవారు. పుస్తకం ఒక అంచు మేం పట్టుకోవాలి, ఇంకో అంచు ఆయన పట్టుకోవాలి, కెమెరా అయ్యేదాకా వదలకూడదు. బడిలో మిగతా పిల్లలు పేపర్లో ఆ ఫొటో చూసి "మీకు ఫ్రీ కదరా" అనేవాళ్లు. హాస్టల్ సీటు ఎవరి దయా కాదు. బలహీన వర్గాల చదువు బాధ్యత ప్రభుత్వానిదని రాజ్యాంగం 46వ అధికరణంలోనే ఉంది. ఆ మాట మాకు ఒక్కరూ చెప్పలేదు, థాంక్యూ సార్ అనడం మాత్రం నేర్పించారు.

కోశాధికారి అన్నా, మీరు మంచివాళ్లు, వరదలో నీళ్లలోకి దిగి ఇచ్చారు. కానీ మా అమ్మ ఆ లైన్లో ఉంటే ఆమె ఫొటో డల్లాస్ దాకా వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. చేరిందో లేదో చూసుకోవాలంటే సంతకం పెట్టించుకోండి, పాతికమందిలో ఇద్దరికి దాతల్లో ఒకరు ఫోన్ చేసి అడగండి.

కోశాధికారి, విజయవాడ

కిట్ల వరకు సంతకాల పుస్తకం, ఫోన్ తనిఖీ పెట్టొచ్చు. మీటింగులో పెడతాను. కానీ వైద్యం కేసులకి ఏం చేయాలి? గుండె ఆపరేషన్ కావాల్సిన బిడ్డ ఉంది, ఆరోగ్యశ్రీలో కవర్ కాని ఖర్చు ఉంది, వారంలో డబ్బు కావాలి. ముఖం లేకుండా అప్పీలు పెడితే రూపాయి రాదు. అప్పుడు కూడా గోప్యతే ముఖ్యమా మేడం?

ఆసుపత్రి సోషల్ వర్కర్

బిడ్డ ప్రాణమే ముఖ్యం. తల్లిదండ్రులకి కూర్చోబెట్టి చెప్పండి: ఈ ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో, తర్వాత తీసేద్దామన్నా పూర్తిగా పోదని. వాళ్లు ఆలోచించుకోవడానికి ఒక రాత్రి ఇవ్వండి. ఫొటో ఇవ్వకపోయినా మీ దగ్గరున్న డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. ఆ తర్వాత సరే అంటే అది వాళ్ల నిర్ణయం, నేను అడ్డుచెప్పను. ముక్కుకి గొట్టం, ఒంటి మీద బట్ట లేని ఫొటో మాత్రం వద్దు, నవ్వుతున్న పాత ఫొటో వాడండి. రోగం పేరు రాసినచోట బడి పేరు, వీధి పేరు రాయొద్దు. అనాథాశ్రమం పిల్లల జోలికి అసలు వెళ్లొద్దు. సంరక్షణ కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

డల్లాస్ నుంచి

ఆ ఫోన్ తనిఖీ పని నాకివ్వండి. వారాంతాల్లో చేస్తాను. మా గ్రూపులో మాత్రం ముఖాలు కనిపించే ఫొటోలు ఆపమంటే పెద్ద గొడవే అవుతుంది, ఎలా ఒప్పించాలో ఇక్కడ ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు రాయండి.