లాడీ అంటే ఉత్త కుర్రాడేనా?

తీరిక దొరికినప్పుడల్లా సర్ విలియం ఆస్లర్ ఇంటి ఉత్తరాలు, సొంత రాతలు కొన్ని తెలుగు చేస్తున్నాను. గ్రూపులోని డాక్టర్లకు ఆస్లర్ ఎవరో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: కెనడాలో పుట్టి, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో పేరు తెచ్చుకుని, 1905లో ఆక్స్‌ఫర్డ్ చేరిన వైద్యుడు.

1917 ఆగస్టు 30 గురించి ఆయన రాసుకున్న నాలుగు ముక్కల దగ్గర ఇరుక్కుపోయాను. కొడుకు రివీర్‌కి 21 ఏళ్ళు. బ్రిటిష్ ఫిరంగి దళంలో ఉన్నాడు, బెల్జియంలో ఈప్ర దగ్గర గాయపడ్డాడు. ఈయన లైబ్రరీలో కూర్చుని తన వైద్య పాఠ్యపుస్తకం కొత్త కూర్పు పని చూసుకుంటుంటే టెలిగ్రాం వచ్చింది. గాయం ప్రమాదకరం, స్పృహలో ఉన్నాడు, ‘కండిషన్ నాట్ హోప్‌లెస్’. ఈ ముక్క మాత్రం కష్టపెట్టకుండా తెలుగైంది: ‘ఆశ లేకపోలేదు’. ఆస్లర్‌కి ఇక అయిపోయిందని అప్పుడే అర్థమైంది. అలాంటి మాట ఎంతమంది తండ్రులకు తనే చెప్పి ఉంటాడో! మన ఇళ్ళలో ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’ అని వస్తే చదివి ముగించకముందే ఏడుపులు మొదలయ్యేవి కదా, అదే లెక్క. రాత్రి 9 గంటలకు సైనిక కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది.

తర్వాతి వాక్యంతోనే పేచీ: ‘ఎ స్వీటర్ లాడీ నెవర్ లివ్‌డ్’. మొదట ‘ఇంతకన్నా మంచి కుర్రాడు ఎప్పుడూ బతకలేదు’ అని రాశాను. మా ఆవిడ చదివి, “అంటే ఏంటి, మంచివాళ్ళెవరూ బతకరనా?” అంది. నిజమే, మనకి ‘బతకలేదు’ ఆసుపత్రి వరండాలో వినపడే మాట. ఒక మనిషి సాటిలేనివాడని చెప్పాలంటే మనం పుట్టుకనే పట్టుకుంటాం, ‘అలాంటివాడు మళ్ళీ పుట్టడు’ అంటాం. అందుకని ‘పుట్టలేదు’ అని దిద్దాను.

స్వీట్‌కి ‘తియ్యని’ వేస్తే సినిమా పాటవుతుంది. చేపలు పట్టడం, పాత పుస్తకాలు కొనుక్కోవడం ఇష్టమైన పిల్లాడట, అందుకే ‘నెమ్మదైనవాడు’ అన్నాను. మిగిలింది లాడీ. ‘కుర్రాడు’ అంటే పక్కింటివాడి గురించి చెప్పినట్టుంది. ఏమంటారు?

జవాబు, విజయనగరం నుంచి: బంగారు తండ్రి అనండి. కొడుకుని తండ్రీ, నాన్నా అని పిలుచుకోవడం మనకుంది, వాడుకోవద్దా?

నేను: మంచి మాటే అమ్మా. కానీ ‘నా బంగారు తండ్రీ’ అనేది ఎదురుగా పిలిచే పిలుపు. శవం మీద పడి ఏడుస్తూ అనే మాట కూడాను. ఈయన పిలవడం లేదు, తనలో తను చెప్పుకుంటున్నాడు. గొంతు పెద్దది చేస్తే పాడైపోతుంది.

జవాబు, కరీంనగర్ నుంచి: మా దిక్కు పిలగాడు అంటం. ‘అసొంటి పిలగాడు మళ్ళ పుట్టడు’ అంటే ప్రేమంతా అండ్లనే ఉంటది. కుర్రాడు అంటే ఎవలో బయటోడు అన్నట్టే కొడ్తది నాకు.

జవాబు, హైదరాబాద్ నుంచి: సైన్యంలో ఆఫీసరు ఆ అబ్బాయి. పిల్లాడు, పిలగాడు అంటే స్కూలుకెళ్ళేవాడు అనుకోరూ?

నేను: అనుకోనివ్వండి. ఇంగ్లీషులోనూ ఆఫీసరుని లాడీ అనరు, తండ్రి అంటాడు. లాడ్ అంటే కుర్రాడే, చివర ‘ఈ’ తగిలించేసరికి ఇంట్లోవాడైపోయాడు.

జవాబు, విజయనగరం నుంచి: ఆ ‘ఈ’ పని మనకి ‘మా’ చేస్తుందేమో చూడండి. మా పిల్లాడు. తండ్రి ఒక్కడే అన్నా ‘మా’ అంటాడు, తల్లి కూడా అందులోకి వచ్చేస్తుంది.

నేను: అదీ! ఇన్ని మాటలు వెతికాను గానీ ‘మా’ తట్టలేదు. ఇప్పటికి ఇలా ఉంది: ‘మా పిల్లాడంత నెమ్మదైనవాడు ఇంకొకడు పుట్టలేదు.’ అంచున పెన్సిల్‌తో ‘పిలగాడు’ అని కూడా రాసి ఉంచాను, ఇంకా తుడపలేదు.