మిఠాయి ముట్టని మనిషికి పళ్లు ఎందుకు పుచ్చుతున్నాయి?

ప్రశ్న: ఎనుమాముల గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తుంటాను. వయసు యాభై దాటింది. మిఠాయిలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అయినా పై వరుసలో కొన్ని పళ్లకు చిగురు అంచున పుచ్చు పట్టింది, చల్లటి నీళ్లు తగిలితే ముందు పళ్లు జివ్వుమంటున్నాయి. దంతవైద్యునికి చూపిస్తే పుచ్చు తీసి నింపారు గానీ, కారణం అడిగినప్పుడు తీపి తగ్గించమని ఒక్క మాట చెప్పి పంపించారు. తినని తీపిని ఎట్లా తగ్గించాలో నాకు అర్థం కాలేదు.

మిర్చి సీజన్లో పొద్దున జెండా పాట, అంటే రోజు మొదటి వేలం, మొదలైనప్పటి నుంచి కాంటాలు ముగిసే దాకా అరకప్పు చాయ్‌లు వస్తూనే ఉంటాయి, ఖాతా రాసుకుంటూ నేను వాటిని మెల్లగా తాగుతుంటాను. ఎండలు ముదిరితే మధ్యాహ్నం నిమ్మసోడా తాగుతాను. ఇంతకు మించి నాకు అలవాట్లు లేవు. పరకాల దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్న మాత్రం వేపపుల్లతో పళ్లు తోముకుంటూ, కల్లు తాగుతూ, ఈ వయసులోనూ మక్కకంకి కొరికి తింటారు. తేడా నీళ్లలో ఉందా, తిండిలో ఉందా? ఇంకొక మాట, మా కోడలు మనవడికి రాత్రి పాలసీసాలో చక్కెరకు బదులు బెల్లం కలుపుతోంది. బెల్లం పళ్లకు హాని చేయదనే మాట నిజమేనా?

జవాబు: దంతవైద్యురాలు, హనుమకొండ

గుమాస్తా గారూ, మీరు తీపి తినడం లేదు, తాగుతున్నారు. పళ్ల విషయంలో రోజు మొత్తం మీద ఎంత చక్కెర లోపలికి వెళ్లిందన్న దానికంటే, అది ఎన్నిసార్లు నోటికి తగిలిందన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది. పంటి మీద పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులు చక్కెర అందిన కొద్ది నిమిషాల్లోనే దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం వల్ల పాచి దగ్గర పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని అర్థం) సుమారు 5.5 కంటే కిందికి పడిపోతే, పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు మామూలుగా అరగంట నుంచి గంట దాకా పడుతుంది. మీరు ఒక అరకప్పు ముగించి, ఆ మరమ్మతు పూర్తి కాకముందే ఇంకొక అరకప్పు అందుకుంటున్నారు. అందువల్ల పొద్దంతా మీ పళ్లు కరిగే దశలోనే ఉండిపోతున్నాయి. ఒకే కూర్చున్న చోట రెండు లడ్డూలు తిని నోరు పుక్కిలించిన మనిషి పళ్లకు ఇంత నష్టం జరగదు.

పుచ్చు చిగురు అంచునే ఎందుకు పట్టిందంటే, వయసుతో గానీ చిగుళ్ల జబ్బుతో గానీ చిగురు వెనక్కి జరిగి వేరు భాగం బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు, అక్కడి డెంటిన్, అంటే పంటి లోపలి మెత్తటి భాగం, ఇంకా తక్కువ ఆమ్లానికే కరుగుతుంది. నిమ్మసోడా సంగతి వేరు. దానిలోని ఆమ్లానికి సూక్ష్మజీవుల సాయం అవసరం లేదు, అది నేరుగా పంటిని తినేస్తుంది. పచ్చి మామిడికాయ ఎక్కువగా తిన్నప్పుడు పళ్లు పులిసినట్టు ఉంటుంది కదా, ఆ పులుపు రోజూ తగిలితే పైపొర పలచబడి ముందు పళ్లు జివ్వుమనడం మొదలవుతుంది.

బెల్లం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. సూక్ష్మజీవులకు బెల్లమూ చక్కెరా ఒకటే, ఎందుకంటే రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది సుక్రోజ్ అనే చక్కెర పదార్థమే. మేడారంలో బంగారంగా ఇచ్చే బెల్లం ప్రసాదంగా ఒకసారి నోట్లో వేసుకుంటే ఏమీ కాదు. రాత్రి పాలసీసాలో కలిపితే మాత్రం అది పిల్లవాడి పై ముందు పళ్ల చుట్టూ తెల్లవార్లూ నిలుస్తుంది, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి దాన్ని కడిగే దిక్కు ఉండదు. ఆ అలవాటు ఈ రాత్రి నుంచే మాన్పించండి. నిద్రలో సీసా తప్పదనుకుంటే అందులో మంచినీళ్లే పోయాలి.

జవాబు: సైన్సు మాస్టారు, జనగామ

డాక్టరు గారు నీళ్ల ప్రశ్నను ముట్టుకోలేదు కాబట్టి దాని గురించి రాస్తున్నాను. నీటిలో కొద్దిపాటి ఫ్లోరైడు ఉంటే ఎనామిల్ ఆమ్లానికి బాగా తట్టుకుంటుంది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. అంతకు మించిన నీళ్లను పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, తాగిన పిల్లల పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు మచ్చలు పడతాయి. నల్లగొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ల వల్ల ఎముకలు వంగిన మనుషులను చూసిన వారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. మీ నాన్నగారి పళ్లు మచ్చలు లేకుండా గట్టిగా ఉన్నాయంటే ఆ ఊరి బావినీళ్లు మంచివే అయి ఉండవచ్చు, కానీ నీళ్లొక్కటే కారణమని నేను అనుకోను. ఆ తరం వారు పొద్దున గటకో, అంబలో తాగి చేనుకు పోతే మళ్లీ బువ్వవేళకు గానీ నోట్లో ఏమీ వేసుకునేవారు కాదు. నడుమ బిస్కెట్టు లేదు, చాయ్ లేదు. వేపపుల్ల మహిమ అంటారు గానీ, నా లెక్కలో ఆ విరామానిదే పెద్ద వాటా.

జవాబు: మందుల దుకాణం, కాజీపేట

చిన్న మాట. కొన్ని రక్తపోటు మాత్రలు, అలర్జీ మాత్రలు నోటిని ఎండబెడతాయి. లాలాజలం తగ్గితే పైన చెప్పిన మరమ్మతు కూడా తగ్గుతుంది. మాత్రలు వాడుతున్నట్లయితే మీ అంతట మీరు మానకుండా డాక్టరుతో మాట్లాడండి. మిర్చి యార్డులో చెమటోడ్చి పని చేసేవారు నీళ్లు సరిగా తాగకపోయినా నోరు ఎండుతుంది. హమాలీ సోదరులు దవడన పెట్టుకునే గుట్కా గురించి కూడా ఒక మాట చెప్పాలి. అందులోని వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం కష్టమవుతుంది, అది కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. పుచ్చు దాని ముందు చిన్న సమస్య.

ప్రశ్న: ఎనుమాముల గుమాస్తా

రక్తపోటు మాత్ర వాడుతున్నాను, ఈసారి డాక్టరును అడుగుతాను. చాయ్ మాత్రం మానలేను, దుకాణంలో అందరితో పాటు తాగకపోతే బాగుండదు. ప్రతి చాయ్ తర్వాత పళ్లు తోముకుంటే సరిపోతుందా? నిమ్మసోడాకు బదులు చక్కెర లేని కూల్‌డ్రింకు తాగవచ్చా?

జవాబు: దంతవైద్యురాలు, హనుమకొండ

చాయ్ మానమని నేను అనడం లేదు. పొద్దున టిఫిన్‌తో, మధ్యాహ్నం భోజనంతో తాగేవి చక్కెరతోనే తాగండి, నడుమ వచ్చేవి చక్కెర లేకుండా పోయమని చెప్పండి. అట్లా కుదరకపోతే చల్లారే దాకా చప్పరించకుండా ఒక్కసారిగా తాగి, వెంటనే నీళ్లతో పుక్కిలించండి. అందులో ముంచుకునే బిస్కెట్లు మాత్రం వద్దు, ఆ పిండి పళ్ల సందుల్లో చాలాసేపు అతుక్కుని ఉంటుంది. నడుమ ఆకలేస్తే పిడికెడు పల్లీలు తినండి.

చక్కెర లేని కూల్‌డ్రింకులో చక్కెర లేకపోయినా ఫాస్ఫారిక్ ఆమ్లమో, సిట్రిక్ ఆమ్లమో ఉంటుంది కాబట్టి మీ జివ్వుమనే పళ్లకు అది నిమ్మసోడా కంటే మేలేమీ కాదు. ఎండకు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కొంత నయం. పుల్లటివి తాగిన వెంటనే బ్రష్షు పట్టకండి, మెత్తబడిన ఎనామిల్ అరిగిపోతుంది. కనీసం అరగంట ఆగాలి. రోజుకు రెండుసార్లు, అందులో ఒకసారి పడుకునే ముందు, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో తోముకుని నురుగు ఉమ్మేయండి, ఆ తర్వాత నీళ్లతో పుక్కిలించకండి. మనవడికి మూడేళ్లు నిండకపోతే బియ్యపు గింజంత పేస్టు చాలు, తోమే పని పెద్దవాళ్లే చేయాలి. వాడి పై పళ్ల మీద చిగురు వెంట తెల్లటి గీత కనిపిస్తే పండుగ దాకా ఆగకుండా తీసుకురండి, ఆ దశలో పుచ్చును డ్రిల్లు లేకుండానే ఆపగలం.