అన్నీ ఉన్నాక ప్రార్థన ఎందుకు తగ్గిపోయింది?

ప్రశ్న:
అందరికీ వందనాలు. అద్దె ఇంట్లో, నెలాఖరుకి బియ్యం చూసుకుని వండుకునే రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికే మోకాళ్ల మీద ఉండేదాన్ని. ఇప్పుడు సొంత ఫ్లాట్, కారు, ఇద్దరి జీతాలు. ప్రార్థన మాత్రం పడుకునే ముందు రెండు నిమిషాలే. భయంగా ఉంది. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

జవాబు:
అక్కా, బైబిల్లో ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ అనే ఊరి సంఘం గురించి చదవండి. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ కట్టుకున్న ఊరది, అలాంటి ఊళ్లోని సంఘం తనకేమీ కొదువ లేదనుకుంది. ప్రభువు వాళ్ల మీద విగ్రహారాధన నేరం మోపలేదు, నులివెచ్చగా ఉన్నారన్నాడు. తలుపు దగ్గర నిలబడి తట్టుతున్నానన్న మాట కూడా ఆ సంఘానికే (మనమేమో దాన్ని ఎప్పుడూ బయటివాళ్లకే చెప్తాం).

మరో జవాబు:
డబ్బే తప్పు అనను. ద్వితీయోపదేశకాండము 8లో మోషే భయపడింది కడుపు నిండాక దేవుణ్ణి మరచిపోతారనే. మేము జీతం పడిన రోజే దశమభాగంతో పాటు కొంత తీసి, మా వీధిలో తండ్రి లేని పిల్లల ఫీజు కడుతున్నాం. డబ్బు పంపి ఊరుకోం, వెళ్లి వాళ్లతో కూర్చుంటాం. అక్కడ ప్రార్థన దానంతటదే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఏడుపొచ్చింది బ్రదర్. రేపు నాలుగింటికి అలారం పెట్టాను.