వాగ్దాన కార్డులో కీర్తన 113:9 వచ్చింది. అది నాకిచ్చిన మాటేనా?

ఎదురుచూపు (విజయవాడ)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుడిచ్చే మాట అని బుట్టలోంచి నేను తీసుకున్న వాగ్దాన కార్డు మీద కీర్తన 113:9 ఉంది. "ఆయన సంతులేనిదానిని ఇల్లాలుగాను కుమాళ్ల సంతోషముగల తల్లిగాను చేయును." బుట్టలో అన్ని కార్డులుంటే నా చేతికి ఇదే వచ్చిందని ఇంటిల్లిపాదీ ఏడ్చేశాం. మా అత్తయ్యగారు దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. మాకు పెళ్లయి చాలా ఏళ్లయింది. ఫిబ్రవరిలో ఐవీఎఫ్ చేయించుకున్నాం. నిలవలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఆ ఫ్రేము సంగతి ఎత్తడం లేదు. సంఘంలో మాత్రం తలా ఒక మాట. అబ్రాహాము భార్య శారాకు 90 ఏళ్లకు బిడ్డనిచ్చాడు, నీకింకా 36 ఏళ్లేగా అంటారు ఒకరు. నీ విశ్వాసంలో ఎక్కడో లోపం ఉంది, వెతుక్కో అంటారు ఇంకొకరు. ఒక ఉపవాస ప్రార్థనలో అయితే, ట్రీట్‌మెంట్ చేయించుకుంటూ దేవుణ్ణి నమ్ముతున్నానంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే, థైరాయిడ్ మాత్రలతో సహా అన్నీ ఆపెయ్యి అన్నారు. పది రోజులుగా మాత్రలు వేసుకోవాలా వద్దా అని రోజూ పొద్దున టెన్షన్.

పిల్లల్లేక ఎదురుచూసి చివరికి బిడ్డను ఎత్తుకున్న శారా, హన్నా, ఎలీసబెతు కథలు నాకు కూడా ఇచ్చిన మాటేనా? అవునంటే ఇంత ఆలస్యం ఎందుకు? కాదంటే ఆ కథలతో నాకేం పని? ఈమధ్య హన్నా కథ ఉన్న సమూయేలు మొదటి గ్రంథం తెరవాలంటేనే భయంగా ఉంది. పసిపిల్లల్ని దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ఉన్న ఆదివారం మందిరానికి వెళ్లాలనిపించడం లేదు. దయచేసి కోప్పడకండి. తెలిసినవాళ్లు నిజం చెప్పండి.

ప్రార్థనాయోధుడు

వందనాలు సిస్టర్. అధైర్యపడకండి. నిర్గమకాండం 23:26 తీసి చూడండి. కడుపు దిగబడటం గానీ గొడ్డుతనం గానీ నీ దేశంలో ఉండదని దేవుడు స్పష్టంగా చెప్పాడు. ఆ మాటను రోజూ నోటితో ఒప్పుకోండి. అబ్రాహాము హారాను విడిచి బయలుదేరినప్పుడు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. మధ్యలో 25 ఏళ్లు కనిపెట్టాడు. మనం రెండు మూడేళ్లకే నీరసపడిపోతాం. అనుమానం రాగానే వాక్యం పలకండి, తప్పకుండా గొడ్డుతనం తొలగిపోతుంది. మా కుటుంబ ప్రార్థనలో మిమ్మల్ని పెట్టుకుంటాం.

రిటైర్డ్ నర్సు (తెనాలి)

అమ్మా, నేను ఒక మిషన్ ఆసుపత్రిలో లేబర్ రూమ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు పిల్లలు లేరు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే పిల్లలున్నవాళ్లు చెప్పే ఓదార్పు మాటలు వినీ వినీ నువ్వు అలిసిపోయి ఉంటావు.

ముందు మాత్రల సంగతి. థైరాయిడ్ మాత్ర ఆపకు. థైరాయిడ్ అదుపులో లేకపోతే గర్భం రావడమూ కష్టమే, వచ్చింది నిలవడమూ కష్టమే. ఎలీసబెతు కథ మనకు చెప్పింది లూకా. ఆ లూకాను పౌలు కొలస్సయులకు రాసిన పత్రికలో ప్రియమైన వైద్యుడని పిలిచాడు. వైద్యం అవిశ్వాసమైతే అలా పిలుస్తాడా?

ఇక నీ విశ్వాసంలో లోపం ఉందన్న మాట. దాన్ని ఆ కథలే ఒప్పుకోవు. లూకా 1వ అధ్యాయం నెమ్మదిగా చదువు. జెకర్యా, ఆయన భార్య ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని, నిరపరాధులని 6వ వచనం చెబుతుంది. వాళ్లకు పిల్లలు లేరన్న మాట ఆ తర్వాత 7వ వచనంలో వస్తుంది. ఎవరూ వేలెత్తి చూపకుండా లూకా ముందే అడ్డుకట్ట వేశాడని నాకనిపిస్తుంది. జెకర్యా అయితే దేవదూత ఎదురుగా నిలబడి బిడ్డ పుడతాడని చెప్పినా నమ్మలేదు. ధూపం వేయడానికి లోపలికి వెళ్లినవాడు నోరు మూతపడి, సైగలు చేస్తూ బయటికొచ్చాడు. అయినా వాళ్ల కొడుకు యోహాను పుట్టడం ఆగలేదు. బిడ్డ పుడతాడన్న మాట విని శారా గుడారపు ద్వారం వెనక నవ్వుకుంది. "యెహోవాకు అసాధ్యమైనది ఏదైన నున్నదా?" అన్న మాట ఆ నవ్వుకే జవాబు. అది విని కూడా, భయపడి, నేను నవ్వలేదని బొంకింది. అలాంటి శారా గురించే హెబ్రీ 11:11, వాగ్దానం చేసినవాడు నమ్మదగినవాడని ఎంచుకుందని రాసింది. నవ్వినదీ నమ్మినదీ ఒకే మనిషి. దేవుడు ఆమె విశ్వాసాన్ని తూకం వేసి బిడ్డనివ్వలేదమ్మా.

శారాకిచ్చిన మాట నీకిచ్చిన మాటేనా అంటే, కాదు. కష్టంగా ఉన్నా ఇది నీకు ఎవరో ఒకరు చెప్పాలి. శారాకు ఆయన వచ్చే ఏడు ఈ కాలానికి అని గడువుతో సహా చెప్పాడు. ఆ బిడ్డ నుంచి ఒక జనాంగం రావాలి, ఆ జనాంగంలో రక్షకుడు పుట్టాలి. మానోహ భార్యకు సమ్సోను, ఎలీసబెతుకు యోహాను, ఎవరి బిడ్డ దేనికోసమో ముందే చెప్పి ఇచ్చాడు. షూనేములో ఎలీషా ప్రవక్త మాటతో కొడుకును కన్న ఆ ఘనురాలైతే అసలు బిడ్డ కావాలని అడగనే లేదు. యేసు తల్లి మరియ సంగతి చెప్పేదేముంది, పెళ్లి కూడా కాలేదు. వీళ్లలో ఎవరి కథ చూపించినా, ఇలా చేస్తే బిడ్డ వస్తుందనే పద్ధతి దొరకదు.

బ్రదర్ గారు చెప్పిన నిర్గమ 23:26 కూడా అంతే. ద్వితీయోపదేశ 7:14లో అదే దీవెన పశువులను కూడా కలిపి ఉంటుంది. ఇశ్రాయేలు జనాంగం మొత్తానికి, వాళ్లు చేరబోయే దేశంలో జీవితం గురించి చెప్పిన మాటలవి. ఆ దేశంలోనే, ఆ ధర్మశాస్త్రం కిందే, హన్నా ఏటేటా షిలోహు మందిరానికి వెళ్లి ఏడ్చింది. నీకు ఆ వచనం మీద నమ్మకం చాల్లేదని ఆమెతో ఏ ప్రవక్తా అనలేదు. సూటిపోటి మాటలన్నది ఆమె సవతి పెనిన్నా.

నీ కీర్తన దగ్గరికి వస్తాను. 113లో ఉన్నవి 9 వచనాలే. నీ కార్డు మీద ఉన్నది చివరిది. దాని పైన 7, 8 వచనాల్లో, నేలమట్టిలో ఉన్న పేదవాణ్ణి లేవనెత్తుతాడని, పెంటకుప్ప మీద నుంచి పైకెత్తి ప్రధానులతో కూర్చోబెడతాడని ఉంటుంది. 1 సమూయేలు 2:8లో హన్నా పాట తీసి పక్కన పెట్టు, దాదాపు అవే మాటలు. లూకా 1లో మరియ పాడిన పాటలో కూడా హన్నా పాటే వినిపిస్తుంది. పస్కా పండుగ రాత్రి యూదులు 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడతారు. అంటే పిల్లల తల్లులు, పిల్లలు లేనివాళ్లు, ముసలివాళ్లు, మగపిల్లలు అందరూ కలిసి పాడే వచనం నీది. కింద పడ్డవాళ్లను చూసీ చూడనట్టు పోయే దేవుడు కాదు మన దేవుడు అని పాడుతున్నారు వాళ్లు. ఫలానా ఏడు ఫలానా ఇంట్లో బిడ్డ అని అందులో లేదు.

మరి ఆ కథలతో నీకేం పని అన్నావు. హన్నా కథలో (1 సమూయేలు 1) అందరూ 20వ వచనం దగ్గర ఆగుతారు, సమూయేలు పుట్టాడు కాబట్టి. నేను 18 దగ్గర ఆగుతాను. అప్పటికి బిడ్డ లేడు, కడుపు పండలేదు, ఇంటికెళ్తే పెనిన్నా ఉంది. అయినా ఆమె వెళ్లి భోజనం చేసింది, "దుఃఖముఖిగా నుండుట మానెను". అంతకుముందు తినకుండా ఏడ్చిన మనిషే. యాజకుడు ఏలీ మొదట ఆమె తాగి ఉందనుకున్నాడు, తర్వాత సమాధానంగా వెళ్లమన్నాడు. మధ్యలో ఆమె చేసిందల్లా, లోపల ఉన్న కోపం, దుఃఖం ఏదీ దాచకుండా దేవుని ముందు కుమ్మరించడమే.

నైట్ డ్యూటీలో బిడ్డను తుడిచి, తూకం వేసి, రిజిస్టరులో బరువు రాసి, తల్లి పక్కన పడుకోబెట్టి, చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లి ఏడ్చేదాన్ని. నాకెందుకివ్వలేదని అక్కడే దేవునితో గొడవపడేదాన్ని. ప్రార్థనలు చేసిన తల్లులు, ఏ ప్రార్థనా చేయని తల్లులు నా వార్డులో పక్కపక్క మంచాల మీదే ఉండేవారు. అది కళ్లారా చూశాక, బిడ్డలు పుట్టేది విశ్వాసానికి కూలి కిందే అని నాతో ఎవరూ నమ్మించలేకపోయారు. ఆ గదిలోనే, ఎప్పుడని చెప్పలేను గానీ, నాకు ఆ 18వ వచనం దొరికింది. 20వది దొరకలేదు.

ఓ భర్త (ఖమ్మం)

అక్కా, ఆదికాండం 25:21 ఒకసారి మీ వారితో చదివించండి. రిబ్కాకు పిల్లలు లేకపోతే ప్రార్థన చేసింది ఆమె భర్త ఇస్సాకు. పెళ్లినాటికి ఆయనకు 40 ఏళ్లు, కవలలు పుట్టేసరికి 60. ఆ ఇరవై ఏళ్లలో రిబ్కాను నిందించినట్టు ఒక్క మాట లేదు. మా ఇంట్లో అందరూ నా భార్యనే అన్నారు. లోపం నా రిపోర్టులో ఉందని తేలాక ఎవరూ ఏమీ అనలేదు, ఆమెకు క్షమాపణ కూడా చెప్పలేదు. ఇంకో సంగతి. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా అన్నాడు హన్నా భర్త ఎల్కానా. మంచివాడే, ప్రేమతోనే అన్నాడు. ఆ మాటతో హన్నా ఏడుపు మాత్రం తగ్గలేదు. మగవాళ్లం సముదాయించడం తగ్గించి, పక్కన కూర్చుని మనమూ అడగాలి.

ప్రార్థనాయోధుడు

అమ్మగారూ, ద్వితీయోపదేశం 7:14 చూశాను, మీరన్నది నిజమే. అయినా సిస్టర్ అడగడం మానకూడదని నా మనవి.

ఎదురుచూపు (విజయవాడ)

అమ్మగారూ, ఈ పొద్దున మాత్ర వేసుకున్నాను. మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. బిడ్డనిస్తానన్న మాట మీకు లేనప్పుడు ఏ మాట పట్టుకుని ఇన్నాళ్లు ఆయన్ని నమ్మారు? ఇక నేను అడగొచ్చా, అడగకూడదా?

రిటైర్డ్ నర్సు (తెనాలి)

అడుగు తల్లీ. బ్రదర్ గారు ఆ మాట సరిగ్గా చెప్పారు. అడగడమే కాదు, నిలదీయడానికి కూడా చోటుంది. 2 రాజులు 4లో షూనేమీయురాలి బిడ్డ మధ్యాహ్నానికి ఒళ్లోనే చనిపోతే, ఆమె గాడిద ఎక్కి కర్మెలు కొండకు వెళ్లి ఎలీషా కాళ్లు పట్టుకుంది. కొడుకు కావాలని నిన్ను నేను అడిగానా, నన్ను భ్రమపెట్టొద్దని చెప్పలేదా అంది. ఎలీషా సేవకుడు గేహజీ ఆమెను తోసేయబోయాడు. ఎలీషా వద్దన్నాడు, ఆమె చాలా వేదనలో ఉందన్నాడు. మన సంఘాల్లో గేహజీలు తగ్గి ఎలీషాలు పెరగాలని రోజూ కోరుకుంటాను.

నేను పట్టుకున్న మాట హెబ్రీ 13:5. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు, నువ్వూ నేనూ నిస్సంకోచంగా మనదే అనుకోవచ్చు. ఇంకొకటి యెషయా 56:5. నేను ఎండిన చెట్టునని అనుకునే నపుంసకులకు, అంటే పిల్లలు కలగడానికి అసలు వీలే లేనివాళ్లకు, కొడుకులు కూతుళ్లు ఉన్నారనిపించుకోవడం కంటే శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లోనే ఇస్తానన్నాడు. దీన్ని మన ప్రసంగాల్లో దాదాపు ఎవరూ చదవరు, చదవాలి. నాకు ఆసుపత్రిలో వచ్చిన ఆ నెమ్మది వెనక ఈ రెండు వచనాలున్నాయి.

ప్రతిష్ఠ ఉన్న ఆదివారం వెళ్లలేకపోతే, వాక్యం మొదలయ్యే టైముకు వెళ్లు. పాస్టరమ్మగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఎవరూ ఆరా తీయకుండా ఆవిడ చూసుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చేయించి ఆ రిపోర్టు, మీ ఆయన రిపోర్టు రెండూ పట్టుకెళ్లు. మధ్యలో మాత్రలు ఆపిన సంగతి కూడా దాచకుండా చెప్పు. అపాయింట్‌మెంట్ ఏ రోజో ఇక్కడ రాయి, ఆ పొద్దున నీ కోసం ప్రార్థన చేస్తాను.