క్రీడా వైద్యానికి ఏడాది ఫెలోషిప్ సరిపోతుందా? ఐదుగురి చర్చ

మైదానం వైద్యుడు

ఎముకల శస్త్రచికిత్సలోనో జనరల్ మెడిసిన్‌లోనో పీజీ చేసి, ఆపైన ఏడాది ఫెలోషిప్ (పీజీ తరువాతి అదనపు శిక్షణ) పూర్తి చేసినవారిని క్రీడా వైద్య నిపుణులు అనవచ్చా? అమెరికాలో ఎక్కువమంది వచ్చేది ఇలా పీజీ తరువాత ఏడాది ఫెలోషిప్ దారిలోనే. బ్రిటన్ 2005లో క్రీడా, వ్యాయామ వైద్యాన్ని స్వతంత్ర స్పెషాలిటీగా గుర్తించింది. నెదర్లాండ్స్ 2014లో ఆ పని చేసింది. అక్కడ శిక్షణ నాలుగేళ్లు. నా మాట సూటిగా చెబుతాను: ఏడాది చాలదు.

ఏడాదిలో మోకాళ్లు, భుజాలు బాగానే చూస్తాం. ఈ పనిలో అవి సగమే. ఏళ్ల తరబడి సాధన చేసిన క్రీడాకారుడి గుండె విశ్రాంతిలో నిమిషానికి నలభై సార్లే కొట్టుకోవడం జబ్బు కాదు. కానీ గుండె విద్యుత్ స్పందనను గీసే ఈసీజీలో టీ తరంగాలు అనే గీతలు కొన్నిచోట్ల తలకిందులైతే, గుండె కండరం మందమయ్యే జబ్బు ఉందేమోనని వెతకాలి. ఒక పొరపాటు ఆరోగ్యవంతుడి ఆట మాన్పిస్తుంది, ఇంకొకటి ప్రాణం తీస్తుంది. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీతో కూడిన ఈ పరీక్షలు తప్పనిసరి. వెనెటో ప్రాంతంలో లక్ష మంది క్రీడాకారులకు ఏటా 3.6గా ఉన్న ఆకస్మిక గుండె మరణాలు 2004 నాటికి 0.4కు తగ్గాయి. అక్కడ ఆ పరీక్షలు చేసేది క్రీడా వైద్యాన్ని నాలుగేళ్లు పూర్తికాలం చదివినవారు.

మందుల సంగతీ అంతే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రాదుకాన్ జలుబుకని జట్టు వైద్యుడు ఇచ్చిన మాత్ర వేసుకుంది. అందులో అప్పట్లో ఒలింపిక్స్‌లో నిషేధించిన సూడోఎఫెడ్రిన్ ఉంది. గెలిచిన స్వర్ణం వెనక్కి తీసుకున్నారు. మామూలు రోగికి రాసి ఉంటే ఆ మందును ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

కీళ్ల సర్జన్

ఐదేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి, ఆ తరువాత ఏడాదంతా మోకాళ్లు, భుజాలే చేసిన వ్యక్తికి శిక్షణ చాలదంటే నేను ఒప్పుకోను. మాటిమాటికీ భుజం జారే ఆటగాణ్ని, మీ నాలుగేళ్ల వైద్యుడైనా చివరికి మా దగ్గరకే పంపాలి కదా.

ఇటలీ లెక్క చెప్పినప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. అది చట్టానికి ముందు, తరువాత పోల్చిన లెక్క. 'ముందు' కింద తీసుకున్నది కొద్ది సంవత్సరాలే. ఇజ్రాయెల్‌లోనూ 1997లో ఇలాంటి పరీక్షలు తప్పనిసరి చేశారు. మరణాల రేటులో మార్పు కనిపించలేదని 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. చర్చ ఇంకా తెగని విషయాన్ని ఆధారంగా చూపి యువ వైద్యుల జీవితంలో మరో మూడేళ్లు అడగడం న్యాయమేనా? అనుమానం వచ్చిన ఈసీజీని గుండె వైద్యుడికి పంపితే సరిపోదా?

ఫిజియోథెరపిస్ట్

సర్జన్ గారూ, మీ నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. అయినా కత్తి పట్టడం తెలిసిన చేతికి కత్తి పట్టని దారి ఎంత బాగా నేర్పుతున్నారో అడగాలి. మోకాలి ముందు క్రూసియేట్ లిగమెంట్ (మోకాలి ఎముకలను కలిపి నిలిపే పట్టీ) తెగిన 121 మంది మీద స్వీడన్‌లో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. సగం మందికి వెంటనే శస్త్రచికిత్స. మిగతావారికి ముందు వ్యాయామ చికిత్స, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్ల తరువాత మోకాళ్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో బృందంలో సగానికి పైగా మందికి అప్పటికి ఆపరేషన్ అవసరమే రాలేదు.

ఆపరేషన్ అయినవారిలో మాత్రం తొమ్మిది నెలల లోపు ఆటకు దిగితే మళ్లీ గాయపడే ప్రమాదం బాగా ఎక్కువ. నాకు వచ్చే చీటీల్లో "ఆరు నెలలకు ఆడవచ్చు" అని ఇంకా కనిపిస్తోంది. తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే ఎంత ఉందో కొలిచిన దాఖలా ఉండదు. ఏడాదైనా నాలుగేళ్లైనా సరే, అందులో ఆరు నెలలు వైద్యులు మాతో పాటు వ్యాయామ గదిలో గడపాలి.

పాత పరుగు రాణి

నేను వైద్యురాలిని కాను. పదేళ్లు పది వేల మీటర్లు పరుగెత్తాను. పందొమ్మిదో ఏట గజ్జల్లో నొప్పి మొదలైంది. మొదటి వైద్యుడు కండరం పట్టేసిందన్నారు. రెండో ఆయన ఎక్స్‌రే తీయించి, బాగానే ఉందని నొప్పి మాత్రలు రాశారు. మూడో చోట విశ్రాంతి తీసుకోమన్నారు, ఎన్నాళ్లో చెప్పలేదు. ఆ మాత్రల మీదే రెండు పోటీలు పరుగెత్తాను.

నాలుగోసారి కలిసిన డాక్టరమ్మ ఐదు నిమిషాల్లో అడిగిన ప్రశ్న, "నెలసరి సరిగ్గా వస్తోందా?" ఎనిమిది నెలలుగా రాలేదు. అంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని తిండి తగ్గించుకున్నాను, నెలసరి ఆగిపోవడం గట్టి సాధనకు గుర్తనుకున్నాను. ఎంఆర్‌ఐలో తొడ ఎముక మెడ దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే మాటిమాటికీ పడే ఒత్తిడికి వచ్చే సన్నని పగులు, కనిపించింది. ఇంకొన్ని వారాలు పరుగెత్తి ఉంటే ఎముక పూర్తిగా విరిగిపోయేదని ఆమె చెప్పారు. ఖర్చుచేసే శక్తికి తగ్గ తిండి లేక శరీరం ఒక్కో పనినీ మానేసే స్థితి అది. ఒలింపిక్ కమిటీ 2014లో దానికి ఒక పేరు పెట్టిందని తరువాత చదివాను. ఆమె ఎన్నేళ్లు శిక్షణ పొందారో నాకు తెలియదు. ఆ ప్రశ్న అడగడం ఎక్కడ నేర్పితే అక్కడికి అందరినీ పంపండి.

అత్యవసర విభాగం

పరుగు రాణి గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. నేనూ అడగకుండా వదిలేసినవాళ్లు ఉండి ఉంటారు.

నాది వేరే భయం. మారథాన్ చివర కుప్పకూలిన మనిషిని చూడగానే మా చేయి సెలైన్ వైపే వెళ్తుంది, వార్డు అలవాటు అది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. నీళ్లు ఎక్కువ తాగడమే అందుకు ముఖ్య కారణం. అలాంటివారికి ఇంకా ద్రవాలు ఎక్కిస్తే మెదడు వాపు ముదురుతుంది. వడదెబ్బ అయితే ముందు మంచునీళ్ల తొట్టి, ఆ తరువాతే అంబులెన్స్. ఈ వరుస మారితే మనిషి దక్కకపోవచ్చు.

ఇవి నేర్పడానికి నాలుగేళ్లు అక్కర్లేదు. చిన్న కోర్సు, ఏటా మళ్లీ సాధన చాలు. 2012లో ఫుట్‌బాల్ ఆటగాడు ఫాబ్రిస్ మువాంబా మైదానంలో పడిపోయినప్పుడు 78 నిమిషాలు గుండె ఆగింది. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టినందుకే దక్కాడు. నిపుణుడే ఉండాలని కంచె వేస్తే చిన్న పోటీల్లో అసలు వైద్యుడే ఉండడు.

మైదానం వైద్యుడు

ఇజ్రాయెల్ సంగతి సర్జన్ గారు గుర్తుచేయడం సరైనదే, నేను ఒక వైపే చెప్పాను. శస్త్రచికిత్స చేసేవారికి శిక్షణ దారి వేరుగా ఉండాలన్నదీ ఒప్పుకుంటాను. అత్యవసర పాఠం అందరికీ అందాలి, అందులో వాదన లేదు.

నాలుగేళ్లు ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి బయట పెట్టాలి. ఫెలోషిప్ ముగించిన మొదటి సీజన్. గాలిలో బంతి కోసం ఎగిరిన ఇద్దరి తలలు గుద్దుకున్నాయి. నేను పరుగెత్తి వెళ్లి పేరు, తేదీ, ఊరు అడిగాను. కుర్రాడు అన్నీ సరిగ్గా చెప్పాడు. కోచ్ గడియారం చూస్తున్నాడు. ఆడనిచ్చాను. విరామంలో ఆ కుర్రాడు ఎవరు గోల్ కొట్టారని పక్కవాణ్ని అడిగాడు. కొట్టింది తనే. రాత్రి వాంతులు. అదృష్టం బాగుండి కోలుకున్నాడు.

పేరు, తేదీ లాంటి ప్రశ్నలకు కన్కషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు పని కాసేపు దెబ్బతినడం) దొరకదని, ఇది ఎన్నో సగం, చివరి గోల్ ఎవరిది అని అడగాలని పుస్తకంలో చదివే ఉన్నాను. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట లేదన్న నియమమూ తెలుసు. తెలియనిది ఒక్కటే, కోచ్, ఆటగాడు, గ్యాలరీ అందరూ ఒకే మాట అంటున్నప్పుడు వద్దని ఎలా చెప్పాలో. జీతమిచ్చే జట్టుకే వద్దని చెప్పడం ఒక సీనియర్ పక్కన నిలబడి, మ్యాచ్ తరువాత మ్యాచ్ చూస్తేనే వస్తుంది. అందుకే గుండె విభాగంలో ఆరు నెలలు, వ్యాయామ గదిలో ఆరు నెలలు, రెండు సీజన్లు మైదానం పక్కన. కలిపితే మూడేళ్లు. నాలుగు నుంచి అంతవరకు దిగాను.

కీళ్ల సర్జన్

మూడేళ్ల లెక్క మీద ఇంకా వాదించవచ్చు. మైదానం పక్కన రెండు సీజన్లు మాత్రం కావాలి. ఆ లోటు నా శిక్షణలోనూ ఉంది. ఒకటి అడుగుతాను: ఆ రెండు సీజన్ల శిక్షణ నమోదు పుస్తకం మీద సంతకం పెట్టే సీనియర్‌కు జీతం ఎవరు ఇస్తారు? ఆయనా ఆ జట్టు మనిషే అయితే కుర్ర వైద్యుడికి వద్దని చెప్పడం ఎవరు నేర్పుతారు?